పాలిష్ డబ్బాలో కాఫీ వాసన

మూత తీసిన పాలిష్ పొడి డబ్బాలోంచి గుప్పుమని కాఫీ వాసన వచ్చింది.

గడ్డం ఆ డబ్బాను మళ్లీ ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. అనుమానం లేదు, కాఫీయే. కళ్లజోళ్ల షాపు వెనక గదిలో అద్దాలు కోసే మనిషి అతను. గడ్డం పెంచుతాడు కాబట్టి అందరికీ గడ్డమే. మిషను దగ్గరి పొడి అయిపోయిందని పై అరలోంచి రెండో డబ్బా దించాడు. అద్దాలకు నునుపు తెచ్చే ఇటుక రంగు పొడి ఉండాల్సిన డబ్బాలో కాఫీ పొడి ఉంది.

"వదినా, పాలిష్ డబ్బాలో కాఫీ ఉంటే మరి కాఫీ డబ్బాలో ఏముంది?"

కౌంటరు దగ్గర బిల్లు రాస్తున్న వదిన పెన్ను ఆగిపోయింది.

మొన్న మొన్నటి వరకూ షాపులో వాళ్లంతా వీధి దాటి ఎదురు కొట్లో కాఫీ తాగి వచ్చేవాళ్లు. "ఆ కొట్టువాడికి మేడ మీద మేడ మనమే కట్టిస్తున్నాం" అని గోల చేసి ఆ అలవాటు మాన్పించింది అద్దాలకు మెరుగు పెట్టే పాలిష్ బాబాయ్. తలా కాస్త చందా వేసుకుని, బజారులో అన్నిటికంటే చవక పొడి కొని, ఇక్కడే కాచుకోవాలని ఆయనే తీర్మానించాడు. డబ్బాకు వేరే ఖర్చెందుకని వదిన ఒక ఖాళీ పాలిష్ డబ్బా కడిగి, ఆరబెట్టి, కాఫీ పొడి అందులో పోసింది. "కాఫీ" అని కాగితం అంటించింది కూడా. తడికి అది ఎప్పుడో ఊడిపోయింది.

శనివారం అరలన్నీ దులిపింది తనే. డబ్బాలు దించిందీ, మళ్లీ పెట్టిందీ తనే.

వదిన సింకు దగ్గరికి పరుగెత్తింది. కాఫీ డబ్బా శుభ్రంగా బోర్లించి ఉంది. "పొద్దున అడుగంటా దులిపి వేసేశాను. కడిగేశాను కూడా."

"ఇవాళ కాఫీ గరగరలాడలేదూ?"

"రోజూ అలాగే ఉంటోందిగా!"

"రోజూనా?" గడ్డం డబ్బా తిప్పి లేబుల్ చదివాడు. "మింగరాదు అని రాసుంది వదినా."

వదిన చూపు కిటికీ పక్కకు పోయింది. అక్కడ చిట్టి, స్టూలు మీద ఒక పక్కకు ఒరిగి కూర్చుని ఫ్రేముకు మర బిగిస్తోంది. ఏడో నెల. సాక్షాత్తూ వదిన తమ్ముడి భార్య. మిగతావాళ్లు కూడా వదినా అని పిలవడం ఆ పిల్లను చూసే నేర్చుకున్నారు. పొద్దున కాఫీ వద్దంది చిట్టి. "అరకప్పే కదే, పారబోస్తే దండగ" అని దగ్గరుండి తాగించింది వదిన.

"ఏంటి వదినా, దెయ్యాన్ని చూసినట్టు చూస్తున్నావు?"

"కడుపులో ఎలా ఉందే?"

"వీడు తంతున్నాడు. మీ తమ్ముడి పోలికే, ఒక్కచోట కుదురుండదు."

వదిన డబ్బాల సంగతి చెప్పింది. చిన్న స్క్రూడ్రైవరు చిట్టి ఒళ్లోంచి జారి నేల మీద పడింది. ఆ పిల్ల అరవలేదు. "నేను వద్దన్నాను కదా వదినా" అంది, అంతే. అరిచినా వదినకు ఇంత దెబ్బ తగిలేది కాదు.

గడ్డం ఆసుపత్రికి ఫోను చేశాడు. వెంటనే తీసుకురండి, డబ్బా కూడా తెండి అన్నారు. అతను టాక్సీ కోసం వీధిలోకి దూకాడు.

అప్పుడే బాగుచేసిన కళ్లజోళ్లు ఇచ్చి తిరిగొచ్చాడు పాలిష్ బాబాయ్. బల్ల మీద మూత తీసి ఉన్న డబ్బా చూశాడు. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. అది చూసి వదినకు ఉన్న ఆశ కూడా పోయింది.

"బాబాయ్, ఈ పొడి సంగతి మీకు తెలిసినంత ఎవరికీ తెలీదు. కడుపులోకి పోతే ఏమవుతుంది?"

"ఎవరి కడుపులోకి పోయింది?"

"చిట్టి కడుపులోకి. మనందరి కడుపుల్లోకీ. నా వల్లే."

"ఏమీ పోలేదమ్మా."

"మీకెలా తెలుసు?"

బయట టాక్సీ హారన్ మోగింది. గడ్డం గుమ్మంలోంచి "నడవండి, నడవండి!" అని కేక పెట్టాడు. వదిన చిట్టి భుజం పట్టుకుని లేపింది. "దీనికేమన్నా అయితే మా తమ్ముడికి నా మొహం ఎలా చూపించను బాబాయ్?"

బాబాయ్ ఇద్దరికీ అడ్డంగా నిలబడ్డాడు. తర్వాత వంగి, తన బల్ల కింద చెప్పుల వెనక చెయ్యి పెట్టి, ఒక డబ్బా లాగి ఠపీమని బల్ల మీద పెట్టాడు. పాలిష్ పొడి. పై అరలో ఉండాల్సిన నిండు డబ్బా. సీలు కూడా తియ్యలేదు.

వదిన ఆ సీలును గోటితో గీకి చూసింది. చెక్కుచెదరలేదు. శనివారం తను ఏ పొడినీ తారుమారు చెయ్యలేదు. ఉన్నచోటే కూలబడింది. ఏడుపో నవ్వో తనకే తెలియలేదు. చిట్టి ఆమె తల మీద చెయ్యి వేసింది.

గడ్డం మాత్రం మొదటి డబ్బా మళ్లీ వాసన చూస్తున్నాడు. "ఇది మన పొడి కాదే! మనదాంట్లో ఇంత వాసన ఎక్కడ ఏడ్చింది? ఇది ఖరీదైన సరుకు. బాబాయ్?"

బాబాయ్ స్టూలు మీద కూర్చున్నాడు.

"నాదేరా. నేను కొన్న చవక పొడి మొదటిరోజే నా గొంతు దిగలేదు. అమృతంలా ఉందని మీ ముందు లొట్టలు వేసిందంతా నటన. కొట్టుకు పోదామంటే నువ్వు చూస్తావు. ఇంట్లోనేమో మీ పిన్ని, డాక్టరు చెప్పాడని, ఒక్క కప్పుతో సరిపెడుతుంది. అందుకని మంచి పొడి కొనుక్కుని, మీకంటే ముందొచ్చి, తలుపేసుకుని కాచుకునేవాణ్ణి. ఖాళీ పాలిష్ డబ్బాలో దాస్తే ఎవరూ ముట్టరనుకున్నా. మీరు ఖాళీదనుకుని పారెయ్యకుండా పై అరలో పెట్టి, అసలుది కింద దాచాను. చిట్టీ, నువ్వు తాగింది కాఫీయేనమ్మా. పాడు కాఫీ, అంతే. తలుపు దగ్గరే చెప్పాల్సింది. వీడు నవ్వుతాడని నోరు పెగల్లేదు. నా సిగ్గు కోసం మీ ఇద్దర్నీ అంతసేపు ఏడిపించాను, అది మాత్రం క్షమించరాని తప్పు. ఒరేయ్, ఆ టాక్సీ అతన్ని పంపెయ్, కిరాయి నేనిస్తా. వదినమ్మా, నువ్వు లేచి కెటిల్ పెట్టు. ఇందులో అందరికీ సరిపోతుంది. రేపట్నుంచి కావాలంటే ఎదురు కొట్టుకే పోదాం. వాడు ఇంకో అంతస్తు వేసుకోనీ."