నాలుగో మడత

పొద్దున్న ఏడున్నరకి ఆ ఇంట్లో పనులకి ఒక వరస ఉంది. తండ్రి సిటీ బస్సు డ్రైవరు కాబట్టి అద్దం ముందు మొదటి హక్కు ఆయనది. తల్లి జిరాక్సు షాపులో పనిచేస్తుంది, ఆ వేళకి ఇస్త్రీపెట్టె ఆమె చేతిలో ఉంటుంది. నాలుగో తరగతి చదివే కూతురు మాత్రం ఎక్కడ నిలబడితే అక్కడ ఎవరో ఒకరికి అడ్డం.

ఆ గురువారం కూతురు యూనిఫారం వేసుకుని వచ్చి నిలబడగానే తల్లి ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది. మోకాళ్ళ దగ్గర ఉండాల్సిన స్కర్టు పిక్కల దాకా జారి ఉంది. చొక్కా చేతులు వేళ్ళని దాచేశాయి.

"మళ్ళీ తగ్గావటే?"

"కొంచెమేనమ్మా."

"కొంచెమా! మొన్ననేగా మడిపించాను. సాయంత్రం మళ్ళీ దర్జీ తాత దగ్గరికి పోవాలి కాబోలు. నాకేమో ఇవాళ ప్రశ్నపత్రాల పని కొండంత ఉంది."

తండ్రి అద్దంలోంచే నవ్వాడు. "లీడరమ్మా! నువ్విలాగే తగ్గావంటే నిన్ను జేబులో వేసుకుని బస్సు తోలేస్తాను."

పిల్లలు తగ్గడం ఆ ఊళ్ళో కొత్త కాదు. పరీక్షల నెలలో ఒకడు అర అంగుళం తగ్గుతాడు, ఇల్లు మారినప్పుడు ఇంకొకతె అంగుళం తగ్గుతుంది. పదిరోజులు పోయాక మళ్ళీ వాళ్ళే పెరుగుతారు. అందుకే మెట్లకింద గదిలో ఉండే దర్జీ తాత, పిల్లల బట్టల అంచులు గట్టిగా కుట్టడు. తగ్గితే ఒక మడత వేసి పైపైన పొడుగు కుట్లు వేస్తాడు, పెరిగితే దారం లాగేస్తాడు. ఇందులో ఎవరికీ వింత లేదు. కాకపోతే ఈ పిల్ల బడి తెరిచిన దగ్గర్నుంచీ తగ్గుతూనే ఉంది, ఒక్కసారీ పెరగలేదు. మూడు నెలల్లో ఆరంగుళాలు పోయాయి. తల్లి మూడు మడతలు వేయించింది. తండ్రి, పిల్ల తువ్వాలు తగిలించే మేకు పీకి జానెడు కింద కొట్టాడు. చేతులు కడుక్కునే చోట ఒక పీట వెలిసింది. ప్రేమ ఉన్న ఇల్లే అది. పిల్ల ఎంత తగ్గితే ఇంటిని అంత తగ్గిస్తూ వచ్చారు.

ఇక లీడరంటే ఏమిటో చెప్పుకోవాలి. నాలుగో తరగతి టీచరు రిజిస్టరు పట్టుకుని ఆఫీసు గదికి వెళ్ళేటప్పుడు చాక్‌పీసు ఒక పిల్ల చేతికిచ్చి వెళ్ళేవారు. ఎవరు మాట్లాడితే వాళ్ళ పేరు బోర్డుకి కుడిపక్కన రాయాలి. టీచరు తిరిగొచ్చాక ఆ పేర్లున్నవాళ్ళు పీరియడు అయ్యేదాకా వరండాలో నిలబడాలి. నెమ్మదస్తురాలనీ, రాత ముత్యాల్లా ఉంటుందనీ ఈ పిల్లని ఎంచుకున్నారు. తండ్రి ఆ కబురు కండక్టరుకి చెప్పాడు, కండక్టరు బస్సంతా చెప్పాడు. ఆ రోజు నుంచి ఇంట్లో ఆమె పేరు లీడరమ్మ.

మొదట్లో పేర్లు బోర్డు నడిమధ్య నుంచి మొదలయ్యేవి. తరవాత తరవాత కిందికి దిగాయి. ఈ వారం ఆఖరి పేరు బోర్డు చట్రం మీద పడుతోంది. "అందట్లేదామ్మా?" అని టీచరు ఒక స్టూలు వేయించారు. ఆవిడా మంచి మనిషే.

ఆ సాయంత్రం పిల్ల డైరీలో ఎర్రసిరాతో ఒక చీటీ వచ్చింది. నాలుగో తరగతి బెంచీలు మీ అమ్మాయికి సరిపోవడం లేదు గనక, సోమవారం నుంచి ఒకటో తరగతి గదిలో కూర్చోబెడతాం, అన్నది సారాంశం. కింద హెడ్మాస్టరు సంతకం.

తల్లి చీటీ చదువుకుంటూనే పిల్ల చెయ్యి పట్టుకుని దర్జీ దగ్గరికి నడిచింది.

"బాబాయ్, ఇంకో మడత వెయ్యాలి. త్వరగా."

దర్జీ తాత స్కర్టుని వెలుతురులోకి పట్టుకుని తిప్పి చూశాడు. సూది గుచ్చబోయాడు. టప్పున విరిగింది.

"మూడు మడతలు అయ్యాయి అమ్మాయ్. నాలుగోది నడుం పట్టీకి తగులుతుంది. నా వల్ల కాదు."

"అదేమిటి బాబాయ్! నువ్వు కాదంటే ఎవరు కుడతారు? కొత్తది కుట్టు పోనీ, చిన్నది."

"చిన్నది కుడితే చిన్నదానికే అలవాటు పడుతుంది." తాత కళ్ళద్దాలు పైకి తోసుకున్నాడు. "కూర్చోండి ఇద్దరూ. ముందు ఈ మడతలు విప్పుదాం. తల్లీ, దారాలు లాగడం వచ్చా?"

పిల్ల తలాడించింది. తాత ఆమెకి ఒక మొద్దు సూది ఇచ్చి స్కర్టు ఒళ్ళో పెట్టాడు. తల్లికి గుండీల డబ్బా ఇచ్చి, తెల్లవి ఒకవైపు, నీలంవి ఒకవైపు ఏరమన్నాడు. తను మిషను చక్రానికి నూనె వెయ్యడం మొదలుపెట్టాడు. గోడవైపు తిరిగి కూర్చున్నాడు. పిల్ల మొహం ఎవరూ చూడటం లేదు.

కాసేపు దారం తెగే చప్పుడే. తరవాత తాత, నూనె డబ్బాతో మాట్లాడుతున్నట్టుగా అడిగాడు.

"నీ జతపిల్ల ఒకతె ఉండేదే, రెండు జడలది. ఇదివరకు నీతోపాటు వచ్చి నా కత్తెరతో ఆడేది. కనబడటం లేదే?"

పిల్ల ఒక దారం లాగింది. "తను నాతో మాట్లాడదు."

"ఓహో."

"నేను తన పేరు రాశాను, బోర్డు మీద."

తల్లి తలెత్తింది. తాత దగ్గాడు. తల్లి మళ్ళీ గుండీల్లోకి తల వంచింది.

"టీచరు అన్నారు తాతా, కనీసం ఐదు పేర్లు లేకపోతే లీడరు నిద్రపోతున్నట్టే అని. నాకు నాలుగే దొరికాయి. అప్పుడు తను తుమ్మింది." ఇంకో దారం తెగింది. "తుమ్మితే రాసేశాను. పీరియడంతా వరండాలో నిలబడింది. నాకేసి చూస్తూనే ఉంది."

"ఊఁ."

"ఇప్పుడు నేను వెళ్తే అందరూ నోరు మూసుకుంటారు. 'లీడరొస్తోంది, లీడరొస్తోంది' అంటారు. అన్నాల దగ్గర కూడా. నేను రోజూ అందరి కింద నా పేరు రాసుకుని, టీచరు వచ్చేలోపు చెరిపేస్తాను."

"అంతేనా! ఈ మాత్రం దానికేనా నువ్వు..." అనబోయింది తల్లి. అంతలో తాత వెనక్కి తిరక్కుండానే చెయ్యి చాచి, "నీలం గుండీ ఒకటియ్యి అమ్మాయ్" అన్నాడు. ఆయనకి గుండీతో పనేం లేదు. తల్లి ఇచ్చింది, ఇస్తూ ఆ మాట మింగేసింది. వేరే గొంతుతో అడిగింది.

"మాకెందుకు చెప్పలేదే తల్లీ?"

"నాన్న బస్సులో అందరికీ చెప్పాడుగా."

స్కర్టు ఒళ్ళోంచి నేలదాకా జారింది. మూడు మడతలూ విప్పేసి ఉన్నాయి. తల్లి గుండీల డబ్బా పక్కన పెట్టి, పిల్లని వెనకనుంచి దగ్గరికి తీసుకుంది. "మేం మేకులు దించుకుంటూ కూర్చున్నాం" అంది, ఎవరితోనో అన్నట్టు.

అన్నాల వేళ తండ్రికి పిల్లే చెప్పింది. ఆయన మధ్యలో ఒక్కసారి "లీడర..." అని ఆగిపోయాడు. అంతా విన్నాక మంచినీళ్ళు తాగి, "అమ్మడూ, నాక్కూడా ఇలాంటిదొకటి జరిగింది. అప్పట్లో బస్సు గోడకి రాసుకున్న సంగతి మా సూపర్‌వైజరుకి ఇప్పటిదాకా చెప్పలేదు" అన్నాడు. పిల్లకి నవ్వొచ్చింది. బడి తెరిచాక ఆ ఇంట్లో ఆమె నవ్వడం అదే మొదలు. "రేపు ముగ్గురం వెళ్దాం. చెప్పడం నీ వంతు, నిలబడటం మా వంతు."

శుక్రవారం గంట కొట్టకముందే ముగ్గురూ నాలుగో తరగతి గదిలో ఉన్నారు. పిల్ల స్కర్టుని నడుం దగ్గర పిన్నుతో పట్టించారు. అంచు నేలని ఊడుస్తోంది. పిల్లలంతా బెంచీల్లో చేరిపోయారు.

"నలభై ఎనిమిది మందండీ!" అన్నారు టీచరు, సంగతి చూచాయగా వినగానే. "నేనిలా వెళ్ళి అలా వచ్చేసరికి ఇది క్లాసులా ఉండదు, బస్టాండులా ఉంటుంది. లీడరు లేకపోతే ఎలా?"

"బస్టాండులో ఇంత గోల ఉండదు లెండి" అన్నాడు తండ్రి, వినయంగా.

టీచరుకి నవ్వాలో కోప్పడాలో తెలియలేదు. ఆ సందులో పిల్ల ముందుకొచ్చింది.

"నాకు లీడరు వద్దు టీచర్. నేను అబద్ధం పేరు రాశాను. నాలుగే ఉన్నాయని ఐదోది రాశాను. తను మాట్లాడలేదు."

గది మొత్తం నిశ్శబ్దమైంది. ఎవరి పేరూ రాయక్కర్లేనంత నిశ్శబ్దం. టీచరు చేతిలో చాక్‌పీసు జారి బెంచీల కిందికి దొర్లింది. ఆవిడ తీసుకోవడానికి వంగారు. వంగినావిడ లేవలేదు.

బెంచీల కింద తొంభై నాలుగు పాదాలున్నాయి. చాలా మటుకు నేలమీద ఆనుకునే ఉన్నాయి. కానీ అక్కడక్కడా కొన్ని జతలు గాలిలో వేలాడుతున్నాయి. ఆవిడ లెక్కపెట్టారు, పదకొండు. ఏ పాదాలు ఎవరివో చూడాలంటే తలెత్తాలి. తలెత్తకుండానే ఆవిడకి తెలిసిపోయింది. రోజూ బోర్డు మీద చదివే పేర్లే అవి.

లేచి, మోకాళ్ళ దుమ్ము దులుపుకుని, చాక్‌పీసు బల్లమీద పెట్టేసి, డస్టరు తీసుకుని బోర్డు కుడిపక్కన నిన్నటి గీత కూడా లేకుండా తుడిచారు. తల్లి చేతిలోని ఎర్రసిరా చీటీ అడిగి తీసుకుని నాలుగుగా చింపారు.

"హెడ్మాస్టరు గారితో నేను మాట్లాడతాను. నేను బయటికి వెళ్ళినప్పుడు తలుపు తీసే ఉంచుతాను, గోల చేస్తే నాకే వినబడుతుంది. లీడరు అక్కర్లేదు." "ఇవాళ లెక్కలు తరవాత. ముందు ఒక్కొక్కరి దగ్గరా కాసేపు కూర్చుంటాను."

తల్లిదండ్రులు పనులకి వెళ్ళిపోయారు. పిల్ల తన పాత బెంచీ దగ్గరికి నడిచింది. రెండు జడల పిల్ల అక్కడే ఉంది, కిటికీలోకి చూస్తూ.

"సారీ. నువ్వు తుమ్మితే పేరు రాశాను."

రెండు జడల పిల్ల మొహం ఇటు తిప్పింది.

"నేను తుమ్మలేదు. దగ్గాను."

"తుమ్మావు."

"దగ్గానే! అది కూడా తెలీకుండా రాసేశావు. వరండాలో నిలబడి అదే అనుకున్నా, దీనికి దగ్గుకీ తుమ్ముకీ తేడా తెలీదని."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. రెండు జడల పిల్ల సంచి తీసి ఒళ్ళో పెట్టుకుని జరిగింది. పిల్ల పైకెక్కి కూర్చుంది. ఏడుపు ఆపుకోకుండా కాసేపు ఏడ్చింది. జతపిల్ల తన చేతిరుమాలు ఇచ్చి, ఏమీ తోచక బెంచీ కిందికి చూసింది.

"ఏయ్! నీ బూటు కొన నేలకి తగులుతోందే!"

"నిజంగా?"

నిజమో కాదో తేల్చుకోవడానికి జతపిల్ల తన కాలితో గట్టిగా తొక్కి చూసింది.

"అబ్బా! తొక్కకే!" పిల్ల గదంతా మారుమోగేలా అరిచింది.

టీచరు మూడో బెంచీలో ఒక పిల్లాడి పక్కన కూర్చుని ఉన్నారు. తలెత్తి చూశారు. చాక్‌పీసు బల్లమీదే ఉంది. ఎవరూ దాన్ని ముట్టుకోలేదు.