తెలియని అప్పు

టైలరమ్మ పాలు కొన్నా నీళ్లు వెతికే రకం. అలాంటి మనిషికి వసూళ్ల కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. తొమ్మిదేళ్ల కిందట తీసుకున్న అప్పు వడ్డీతో సహా కట్టాలట, లేదంటే కోర్టుకు వెళ్తారట. ఆ కంపెనీ పేరు ఆమె ఎన్నడూ వినలేదు. అప్పు చేసిన గుర్తూ లేదు.

కత్తెర పక్కన పెట్టి, ఉత్తరం వెనకా ముందూ చూసింది. పేరు తనదే, చిరునామా తనదే. తను సంతకం చేసిన కాగితం మాత్రం జతచేయలేదు.

తన గడియారాల షాపుకు బయల్దేరుతున్న భర్త ఉత్తరం అందుకుని చదువుతూ, అప్పు తారీఖు దగ్గర ఆగాడు. “ఎందుకొచ్చిన గొడవ, ఎంతో కొంత వాళ్ల మొహాన పడేస్తే పోలా?” అన్నాడు. ఆమె ముఖంలోకి చూసి, చటుక్కున చూపు తిప్పుకున్నాడు.

ఆమెకు అక్కడే అనుమానం తగిలింది. చిల్లర కోసం బస్సు కండక్టరుతో పోట్లాడే మనిషికి ఇంత ధారాళం ఎక్కణ్నుంచి వచ్చింది? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు లేదూ? తన కాగితాలు పెట్టి ఈయనే వాడుకుని ఉంటాడు. ఇన్నేళ్ల కాపురంలో ఇంకేమేం దాచాడో! ఆ వారమంతా జేబులు వెతక్కుండా ఆయన చొక్కా ఒక్కటీ ఉతకలేదు.

జవాబు తనే రాసింది. “ఈ అప్పు నాకు తెలియదు. నా సంతకం ఉన్న కాగితం పంపండి. అందాకా దమ్మిడీ కట్టను.” రిజిస్టరు పోస్టులో పంపి, రసీదు దాచుకుంది.

వాళ్ల జవాబులోనూ ఆ కాగితం లేదు. “మీ తరఫున ఐదొందలు ముట్టాయి కాబట్టి అప్పు ఒప్పుకున్నట్టే” అని మాత్రం ఉంది.

ఆమె ఆ ఉత్తరం పట్టుకుని నేరుగా షాపుకే వెళ్లింది.

“నా పేరు మీద అప్పు చేసింది మీరేగా?”

ఆయన కంటికున్న భూతద్దం తీశాడు. “నేనా? నువ్వు చేశావనుకున్నా. మీ తమ్ముడి ఆపరేషను నాటి తారీఖది. అప్పుడు నా చేతిలో చిల్లిగవ్వ లేదు. నన్నడగలేక ఎక్కడో తెచ్చుంటావనుకున్నా. నిన్ను నిలదీయడానికి నోరు రాక ఆ ఐదొందలూ కట్టేశా.”

ఆమెకు సిగ్గేసింది. ఈ మనిషి జేబులా తను వెతికింది! స్టూలు లాక్కుని కూర్చుంది. “మీరు తెలియక కట్టారని రాసి పడేస్తా. ఆ ఐదొందలూ కక్కిస్తా” అంది.

ఆయన నవ్వలేదు. “అదలా ఉంచు. మరి అప్పుడు డబ్బెక్కడిది?”

ఆమె తల వంచుకుంది. ఆస్తి తగాదా అయ్యాక, తమ ఇంట్లో ఎవరూ తలవకూడదని ఆయనే శాసించిన మనిషి సంగతి ఇప్పుడు ఎత్తక తప్పలేదు.

“మీ చెల్లెలు ఇచ్చింది. అన్నయ్యకు చెప్పొద్దు వదినా అంది. ఇవాళ్టిదాకా ఒక్కసారి కూడా అడగలేదు.”

ఆయన చేతిలోని భూతద్దం బల్ల మీద పెట్టాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

“తీర్చావా?”

“ఎలా తీర్చేది? మీరు ఆవిడ గుమ్మం తొక్కనిస్తేగా!”