టిజోన్ పస్తు

టిజోన్‌కి ఏడాది కావస్తోంది, అయినా చూస్తే మూడు నెలల కుక్కకూనే! డాక్టర్ అన్సాల్ది దాని మెదడు అడుగునుండే పిట్యుటరీ గ్రంథిని, శనగగింజంత కూడా ఉండదు, కోసి తీసేసిన రోజు నుంచి అది ఎదగడం మానేసింది. తోబుట్టువులు నడుమెత్తు పెరిగి బ్యూనస్ ఎయిరిస్‌ అంతా వినబడేలా మొరుగుతుంటే, దీనికింకా పాలబొచ్చే ఊడలేదు.

డాక్టర్ పరిశోధనశాలలో కుక్కల గూళ్లు కడిగే దెల్ఫీనాకి అదంటే ప్రాణం. రోజూ పొద్దున్నే సొరబుర్రలో మాతే ఆకు వేసి వేణ్నీళ్లు పోసుకుని, అందులో వేసుకోవాల్సిన రెండు చక్కెర బిళ్లలూ దాని నోట్లో పెట్టి, తను చేదుగానే తాగేది. ఒక్కరోజు మరిచిపోతే అది గజగజ వణికి పడిపోయింది. మళ్లీ మరవలేదు.

రక్తం తీసే ముందురోజు ఏ కుక్కకైనా పస్తే, అక్కడి ఆనవాయితీ అది. ఇన్నాళ్లకి టిజోన్ వంతొచ్చింది.

"దీన్ని పస్తు పెట్టకండి డాక్టర్ గారూ, తట్టుకోలేదు."

"ఎవరు చెప్పారు, నీ మాతే బుర్రా?"

"రోజూ నేను చక్కెర పెడుతున్నానండీ. అందుకే బతికుంది." ఉద్యోగం పోతే పోయిందని చెప్పేసింది.

అన్సాల్ది పకపకా నవ్వాడు. "ఎనిమిది నెలలు బతికింది నా కత్తి పనితనం వల్లమ్మా! మొన్న సభలో అదే చెప్పి చప్పట్లు కొట్టించుకొచ్చాను. చీపురు పట్టుకో, పో." గూటికి తాళం వేసి చెవి జేబులో వేసుకున్నాడు.

మర్నాడు తాళం తీసేసరికి టిజోన్ ఒరిగిపోయి కాళ్లు కొట్టుకుంటోంది. దెల్ఫీనా చక్కెర నీళ్లతో పరిగెత్తింది.

"ఆగాగు! ముందు రక్తం తియ్యనీ, చక్కెర అంకె పాడైపోతుంది!"

ఆయన సూది గుచ్చి, గొట్టం నింపి, మూత బిగించేసరికి కాళ్లు ఆగిపోయాయి.

మధ్యాహ్నానికి అంకె తేలింది. రక్తంలో చక్కెర దాదాపు లేదు. అన్సాల్ది ముఖం వెలిగిపోయింది. "గ్రంథి లేని జంతువు పస్తుకి ఆగదు! ఇదెంత పెద్ద సంగతో తెలుసా నీకు?"

తెలుసు. నిన్న చెప్పింది తనే.

"ఇదిగో దెల్ఫీనా," పుస్తకం తెరిచి కలం పట్టుకున్నాడు, "రోజుకెన్ని బిళ్లలు పెట్టావు, ఎప్పట్నుంచి? అది తెలియకపోతే నా ఎనిమిది నెలల రాతా చెత్తబుట్టకే."

రెండు. జూలై తొమ్మిది నుంచి. ఒక్కరోజు తప్ప.

"గుర్తులేదండీ," అంది దెల్ఫీనా, ఖాళీ గూట్లో నీళ్లు కొడుతూ. "చీపురు పట్టుకునేదాన్ని, నాకేం లెక్కలొస్తాయి?"