చేతల వారం

ఎర్రకుంటపల్లి ప్రాథమిక పాఠశాలలో ఇరవై ఆరు మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు. హెడ్మాస్టరు సుబ్రహ్మణ్యం నాలుగు, ఐదు తరగతులు చూసుకునేవాడు. మిగిలిన మూడు తరగతులూ ఉషవి. ఆమె రోజూ మదనపల్లిలో పుంగనూరు బస్సెక్కి, మధ్యలో దిగి, కిలోమీటరున్నర నడిచి వచ్చేది. చేరి ఏడు నెలలైంది. ఆ ఏడు నెలల్లో ఆమె కులమేమిటని ఎవరూ అడగలేదు. ఆమె చెప్పలేదు.

నవంబరులో పైనుంచి ఉత్తర్వు వచ్చింది. వారం రోజులు పుస్తకాలు మూసి, పిల్లలచేత పనులు చేయిస్తూ పాఠం చెప్పాలి. శనివారం అధికారి వచ్చి చూస్తాడు. సుబ్రహ్మణ్యం ఆ కాగితాన్ని ఆమె బల్లమీద పెట్టి, "ఇదంతా నువ్వే సూసుకోమ్మా. నా మోకాళ్ళతో అయ్యే పని కాదు" అన్నాడు.

ఉషకు అది పండగే అయింది. సోమవారం పిల్లలచేత జానలతో, మూరలతో గదంతా కొలిపించింది. మంగళవారం కొబ్బరి చిప్పలతో త్రాసులు కట్టించి చెనిక్కాయలు తూయించింది. మూడో తరగతి లక్ష్మీప్రియ ఎక్కాలు రాక ఎప్పుడూ వెనకే కూర్చునే పిల్ల. ఆ రోజు దాని త్రాసులో నాలుగు రాళ్ళకు ముప్పై రెండు కాయలు తూగాయి. "అయితే రాయికి ఎనిమిది, మేడం" అంది తనంతట తానే. తనకే నమ్మకం కలగనట్టు మళ్ళీ తూచి చూసుకుంది. ఆ సాయంత్రం గేటుదాకా ఉష చెయ్యి పట్టుకుని నడిచింది.

బుధవారం బడి వెనక నాలుగు సాళ్ళు తీసి టమాటా నారు నాటించారు. పిల్లలు కొందరు వేరు మడిచి పెడుతున్నారు, కొందరు కాడదాకా పూడ్చేస్తున్నారు. ఎలాగో చూపిద్దామని ఉష కొంగు దోపుకుని వంగింది. ఎడమచేత్తో నారు తీస్తూ, కుడిచేతి బొటనవేలితో మొదలు నొక్కుతూ, తలెత్తకుండా సాలంతా నాటుకుంటూ పోయింది. చివరికి వచ్చి నడుమెత్తేసరికి ఎదురుగా పురుషోత్తం నిలబడి ఉన్నాడు. లక్ష్మీప్రియ తండ్రి. పన్నెండెకరాల రైతు, బడి కమిటీకి చైర్మన్.

"మేడం, ఈ పని యాడ నేర్సుకున్నారు?" అని నవ్వుతూ అడిగాడు.

ఉష చేతుల నిండా తడిమన్ను. చాలా రోజుల తర్వాత ఆమె మనసు తేలిగ్గా ఉంది. ఆలోచించకుండానే చెప్పింది. "సెలవుల్లో మా నాయనతో కూలికి పోయేదాన్ని సార్. పెద్దోళ్ళతో సమానంగా నాటేదాన్ని."

"మీది మదనపల్లి కదా?"

"ఇప్పుడు మదనపల్లి. సొంతూరు బి.కొత్తకోట పక్కన."

"ఊర్లోనా, ఎస్సీ కాలనీలోనా?"

అబద్ధం చెప్పడానికి ఆమెకు సమయం ఉంది. చెప్పబుద్ధి కాలేదు. "కాలనీలోనే సార్" అంది.

"మంచిది. సదువుకోని పైకొచ్చినారు" అని పురుషోత్తం తలూపాడు. పోతూపోతూ కూతుర్ని పిలిచి కొళాయి కింద చేతులు కడిగించి ఇంటికి తీసుకుపోయాడు. ఇంకా మధ్యాహ్నం భోజనం గంట కూడా కొట్టలేదు.

గురువారం బంకమట్టి బొమ్మలు. పిల్లలు బొమ్మలు చేసి ఆమె చేతికివ్వకుండా బల్లమీద పెట్టి వెనక్కి జరిగారు. ఎవరో చెప్పి పంపితే తప్ప అంతమంది ఒకేలా జరగరు. ఉష ఒక్కొక్క బొమ్మనూ తీసి చూసి, బాగుందని చెప్పి, అక్కడే పెట్టింది.

శుక్రవారం వంట. పిండికి ఎన్ని గ్లాసుల నీళ్ళో కొలిచి, పిల్లలే రాగిసంగటి చెయ్యాలి. బడిలో మధ్యాహ్నం వండే ఆమె ముందురోజే గిన్నెలివ్వనంది. "మళ్ళా నేను దాంట్లోనే వండాల కదా మేడం" అంది, ఎటో చూస్తూ. ఉష మదనపల్లి నుంచి తెచ్చిన తన ఇంటి గిన్నెలో ఎసరు పెట్టింది. పిల్లలు కొలిచారు, పోశారు. గట్టిపడ్డాక కెలకడం వాళ్ళవల్ల కాక ఆమె కెలికింది. ముద్దలు చేసింది.

పెట్టబోతే పందొమ్మిది మందికి కడుపునొప్పి వచ్చింది.

తిన్నది ఏడుగురు. ఆరుగురు ఆ ఊరి కాలనీ పిల్లలు. ఏడోది లక్ష్మీప్రియ. అది కాసేపు గోడకు ఆనుకుని చూసింది. తాను కొలిచిన నీళ్ళు సరిపోయాయో లేదో తెలుసుకోవాలనిపించినట్టుంది. వచ్చి కూర్చుంది. ఒక ముద్ద తిని ఇంకొకటి పెట్టించుకుంది. దాని అన్న హరీష్, ఐదో తరగతివాడు, గోడ దూకి ఇంటికి పరుగెత్తాడు.

పావుగంటలో వాళ్ళ అవ్వ రెడ్డెమ్మ వచ్చింది. చేతిలో చెంబు. ఉషవైపు చూడలేదు.

"ఎంత తినింది?" అని హరీష్‌ను అడిగింది.

"రెండు ముద్దలు అవ్వా."

మనవరాలిని కొళాయి దగ్గరికి లాక్కుపోయి చెంబు నోటికి పెట్టింది. ఉప్పునీళ్ళు. పిల్ల సగం తాగింది, సగం గౌనుమీద పోసుకుంది. రెడ్డెమ్మ రెండు వేళ్ళు దాని గొంతులోకి పెట్టింది. సంగటి వచ్చింది, నీళ్ళు వచ్చాయి, చివరికి పసుపుపచ్చని పసరు వచ్చింది. అయినా ఆపలేదు. పిల్లలంతా వరండాలో నిలబడి చూస్తున్నారు. కాలనీ పిల్లలు ఆరుగురూ ప్లేట్లు చేత్తో పట్టుకునే చూస్తున్నారు.

ఉష పరుగెత్తింది. "ఏం చేస్తాండావమ్మా, బిడ్డ చచ్చిపోతాది" అని చెయ్యి చాచింది.

రెడ్డెమ్మ అప్పుడు తలెత్తింది. గొంతు పెంచలేదు. "దాన్ని ముట్టుకోవాకు. ముట్టుకుంటే మళ్ళా మొదట్నుంచి పొయ్యాల్సొస్తాది."

ఉష చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

సాయంత్రం సుబ్రహ్మణ్యంతో కేసు పెడతానంది. ఆయన రిజిస్టరు మూసి, "సాక్షి ఎవురమ్మా? నేను లోపలుండాను, సూడలేదు. నాకింగ రెండేండ్ల సర్వీసుండాది" అన్నాడు. ఆ రాత్రి ఫోనులో విషయమంతా విని ఆమె తండ్రి మారప్ప అడిగింది ఒక్కటే: "ఏల చెప్తివి తల్లీ, అడిగితే మాత్రం?"

శనివారం అధికారి వచ్చాడు. తల్లిదండ్రులు వెనక నిలబడ్డారు. అధికారి త్రాసులు చూశాడు, బొమ్మలు చూశాడు, ఫోటోలు తీయించాడు. లేవబోతుంటే ఉష లక్ష్మీప్రియను ముందుకు పిలిచింది. వేరే ఎవరూ సాక్ష్యం చెప్పరని ఆమెకు తెలుసు. రాత్రంతా ఆలోచించి ఈ నిర్ణయానికే వచ్చింది.

"నిన్న కొళాయి కాడ మీ అవ్వ ఏం చేసిందో సార్‌కు చెప్పమ్మా."

పిల్ల తండ్రివైపు చూసింది. పురుషోత్తం ఫోను చూసుకుంటున్నాడు.

"భయపడొద్దు. చూసింది చూసినట్టు చెప్పాలని నీకు నేర్పించినా కదా. చెప్పు."

పిల్ల మొహం పక్కకు తిప్పుకుంది. అక్కడితో ఆపవలసింది. ఉష ఆపలేదు. భుజాలు పట్టుకుని తనవైపు తిప్పుకుంది. "చెప్పు. నువ్వు చెప్పకుంటే ఎవరు చెప్తారు?" అని మూడోసారి అడిగింది. తన గొంతులోని కరుకుదనం ఆమెకే వినబడింది. పిల్ల కాళ్ళ వెంట ఉచ్చ కారి నేలమీద మడుగు కట్టింది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

"ఎవురూ ఏమీ చెయ్యలేదు. నేనే కక్కినా" అంది లక్ష్మీప్రియ, నేలవైపు చూస్తూ. "సంగటి బాగలేదు. పురుగులుండె."

అధికారి కాగితం తీసి రాసుకున్నాడు. పురుషోత్తం ఫోను జేబులో పెట్టుకుని, కూతుర్ని పిలిచి తలమీద చెయ్యి వేశాడు. "పిండి ఎక్కడిది మేడం?" అని అధికారి అడిగాడు. ఉష ఏం జవాబు చెప్పిందో ఆమెకు తర్వాత గుర్తులేదు.

పదకొండు మంది తల్లిదండ్రులు సంతకాలు పెట్టి ఫిర్యాదు ఇచ్చారు. పిల్లలకు పాడైన తిండి పెట్టిందని ఒకటి, చిన్నపిల్లను అందరి ఎదుటా బెదిరించిందని రెండు. రెండోది నిజం. తొమ్మిదోరోజు బదిలీ ఉత్తర్వు వచ్చింది. రామకుప్పం అవతల, అడివంచున ఒక ఊరు. తొమ్మిది మంది పిల్లలు. రాగి కోతలప్పుడు ఏనుగులు దిగుతాయని నెలలో సగం రోజులు బడికి ఎవరూ రారని సుబ్రహ్మణ్యమే చెప్పాడు, కాగితం అందిస్తూ. "ఆడ ప్రశాంతంగా ఉంటాదిలేమ్మా" అన్నాడు.

చార్జి అప్పగించి వచ్చి ఉష రోడ్డుమీద బస్సుకోసం నిలబడింది. ఎప్పుడు వచ్చిందో, లక్ష్మీప్రియ పక్కన నిలబడి ఉంది. వెంట ఎవరూ లేరు. రెండడుగుల దూరంలో ఆగింది.

"మేడం, మా నాయన నాకు సైకిలు కొనిచ్చినాడు."

ఉష బస్సు వచ్చే వైపు చూసింది.

"మేడం, నా మింద కోపమా?"

లేదు అంటే చాలు. ఎనిమిదేళ్ళ పిల్ల దానికోసమే అంత దూరం నడిచి వచ్చిందని ఉషకు తెలుసు. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. బస్సు కనబడింది. ఉష సంచి భుజానికి తగిలించుకుని ఎక్కింది. బస్సు సగం ఖాళీగా ఉన్నా, పిల్ల కనబడకుండా, అవతలి కిటికీ దగ్గర కూర్చుంది.