నేలిదా నీడ కోసం వెళ్లిన ఆదివారం

లీమా నగరంలో చలికాలం వస్తే సూర్యుడు ఎక్కడ దాక్కుంటాడో తెలిసిన మనిషి ఒక్కడే ఉన్నాడు. పేరు తియోదొమీరో హువారింగా. బ్రేన్యా పేటలో చాలాకాలం సెలూను నడిపి, కత్తెర పక్కన పెట్టిన మనిషి. అతను బయల్దేరదీసిన ఆదివారం ప్రయాణాల్లో ఎండ మొహం చూడకుండా తిరిగొచ్చింది ఒక్కటంటే ఒక్కటి లేదు. ఇందులో ఆవగింజంత అతిశయోక్తి లేదు. కావాలంటే ఒట్టు.

లీమావాళ్ల బతుకే అంత. జూన్‌లో ఆకాశం గాడిద పొట్ట రంగుకి తిరిగిందంటే నెలల తరబడి నెత్తిన అదే పొట్ట. వాన కురవదు, ఎండ కాయదు. తాడు మీద వేసిన దుప్పటి వేసినప్పటికంటే ఎక్కువ తడితో ఇంట్లోకి వస్తుంది. ఒక ఏడాది తియోదొమీరో కోటు భుజాల మీద నాచు మొలిస్తే, పక్కింటివాళ్లు దాన్ని గీకి, కూరకి పెంచుకునే సీమ పందికొక్కులకి మేత వేశారు. అందుకే వారమంతా ఊళ్లో తడిసినవాళ్లు ఆదివారం వస్తే ఎండ కోసం కొండల దారి పడతారు.

ఆ ఏడు మాత్రం సంగతి వేరు. తియోదొమీరో భార్య నేలిదాకి జూలైలో ఊపిరితిత్తుల జబ్బు చేసింది. కొన్నాళ్లు ఆస్పత్రి, కొన్నాళ్లు మంచం. సెప్టెంబరులో ఒకరోజు లేచి కూర్చుని, కిటికీలోంచి బయటికి చూసి అంది:

"ముసలాడా, నా నీడ నేను చూసుకుని ఎన్నాళ్లయిందో! బతికే ఉన్నానా అని నాకే అనుమానంగా ఉంది. నీడ లేనివాళ్లు దయ్యాలంటారు కదా."

"దయ్యాలు ఇంతగా గొణగవులే ముసలీ," అన్నాడు తియోదొమీరో.

"వేళాకోళం కాదు. ఈ ఇళ్ల వరసలో నాకు చాకిరీ చెయ్యనివాళ్లెవరు చెప్పు? సెనోబియా రోజూ బండి తియ్యకముందే మూలికల కషాయం తెచ్చి నోట్లో పోసింది. రొసెందో తన వ్యానుని నా కోసం అంబులెన్సు చేశాడు. మేడమీది అక్కచెల్లెళ్లు నా బట్టలు ఉతికి, ఇస్త్రీపెట్టెతో ఆరబెట్టారు. వీళ్లందరికీ నా చేత్తో వడ్డించాలి. ఎండలో కూర్చోబెట్టి, నేలలో కాలిన రాళ్ల మధ్య వండిన పచమాంక పెట్టాలి. అది జరిగితేనే నాకు నయమైనట్టు. ఆ ఒక్కటీ జరిపించు, ఇంకేమీ అడగను."

ఇంకేమీ అడగనన్నది తియోదొమీరో నమ్మలేదు. మిగతాదంతా గుండెలో పెట్టుకున్నాడు.

"ఎండ నా పూచీ," అన్నాడు.

ఆ ఇళ్లన్నీ ఒకే నడవ మీదికి తలుపులు తెరుచుకునే ఇళ్లు. సాయంత్రం నడవలోనే సభ పెట్టారు.

"సాంతా ఎవులాలియా పోదాం," ప్రకటించాడు తియోదొమీరో. "నది ఒడ్డు, అవకాడో తోపు, పక్కనే ఈతకొలను. మధ్యాహ్నానికి నెత్తి మాడిపోయేంత ఎండ."

"ఎండే కావాలంటే అంత దూరమెందుకు దోన్ తియో?" అంది కషాయం బండి సెనోబియా. "దారిలోనే హువాయ్‌కాన్ కొండ మీద మా ఒతీలియా ఉంది. దాని కూతురికి నేను జ్ఞానస్నానపు తల్లిని. కింద ఎంత మబ్బు కమ్మినా దాని పెరట్లో పొద్దుటికల్లా ఎండ పరుచుకుని ఉంటుంది. మబ్బుకి పైన ఉంటుందయ్యా దాని ఇల్లు!"

"దొన్యా సెనోబియా, విహారమంటే చెట్టూ నీళ్లూ ఉండాలమ్మా. దుమ్ము కొండెక్కి రేకుల కప్పు చూడ్డానికి ఎవరన్నా పోతారా? అలాంటి కొండ దిగి ఊళ్లో పడ్డానికే కదా మన సగం బతుకు అయిపోయింది."

"సరే నాయనా. సూర్యుడు నీ మేనమామ కొడుకు. మధ్యలో మేమెవరం?"

ఇక బయల్దేరే వేళ. దీంట్లో తియోదొమీరోకి ఒక పద్ధతి ఉండేది. మనిషి బద్ధకాన్ని బట్టి మనిషికో అబద్ధపు వేళ చెప్పేవాడు. కొంచెం బద్ధకస్తుడికి కొంచెం ముందు, మేడమీది అక్కచెల్లెళ్లకి బాగా ముందు. అందరూ ఆలస్యంగా వచ్చి సరిగ్గా ఒకేసారి వ్యానెక్కేవాళ్లు. ఈసారి నేలిదా అడ్డుపడింది.

"నేను మంచంలో ఉన్నప్పుడు వీళ్లు ఒక్క పూట ఆలస్యం చేశారా? అలాంటివాళ్లకి అబద్ధం చెబుతావా? ఉన్న వేళ ఉన్నట్టు చెప్పు."

చెప్పాడు. ఆరింటికన్నాడు, ఆరింటికే వ్యాను దగ్గర నిలబడ్డాడు. చిన్న తుంపర. వీధిలో ఒక కుక్క, ఇతను. అంతే. ఏడయింది. ఎనిమిదవుతుండగా ఒక్కొక్కరే ఆవలిస్తూ వచ్చారు.

"ఆరు అంటే ఆరే!" అరిచాడు తియోదొమీరో.

"నువ్వు నిజం చెబుతావని ఎవరనుకున్నారయ్యా!" అంది సెనోబియా. "నువ్వు ఆరంటే ఎనిమిదని ఈ వీధిలో పసిపిల్లని అడిగినా చెబుతుంది. మారేముందు ఒక ముక్క చెప్పాలి కదా!"

దీనికి తోడు రాళ్లు. పచమాంకకి రాళ్లు ఎర్రగా కాలాలి. తెలియని రాయైతే నిప్పులో టపాకాయలా పేలుతుంది. అందుకని తియోదొమీరో ఎన్నోసార్లు నిప్పు చూసిన తన సొంత రాళ్లు గోతంలో కట్టి వ్యానెక్కించాడు.

"నది ఒడ్డుకి రాళ్లు మోసుకుపోయేది ఈ భూమ్మీద మనమొక్కళ్లమే," అన్నాడు రొసెందో, కిందికి కుంగిన టైర్ల వంక దిగులుగా చూస్తూ. "అక్కడ సరిపోవేమోనని ఓ బిందె నీళ్లు కూడా పట్టుకెళ్దామా దోన్ తియో?"

సీట్లు చాలలేదు. వరస చివరింట్లో ఒంటరిగా ఉండే తాపీమేస్త్రీ ముసలాయన ఆ గోతం మీద కూర్చున్నాడు. నేలిదా జబ్బులో ఉన్నప్పుడు అతను చేసిన సేవ అబద్ధపు కథలు చెప్పి నవ్వించడమే. నవ్వి నవ్వి దగ్గు ఎక్కువైందని డాక్టరు అతన్ని గదిలోకి రానివ్వద్దన్నాడు కూడా.

ఎనిమిది దాటాక తూర్పు దారి పట్టినవాళ్లు ఏమవుతారో లీమాలో అందరికీ తెలుసు. లారీలు, బస్సులు, ఎండ కోసం బయల్దేరిన సగం నగరం. వ్యాను ఒక అడుగు వెయ్యడం, మూడు నిట్టూర్పులు విడవడం. పక్క బస్సు కిటికీలో కూర్చున్న అబ్బాయికీ, వెనక ట్యాక్సీలో పిల్లకీ చూపులు కలిసి, మాటలు కలిసి, పెద్దవాళ్లు రోడ్డు మీదికి దిగి మాట్లాడుకుని, అక్కడే ఉంగరాలు మార్చారు. వ్యానువాళ్లకి కూడా తలా ఒక మిఠాయి అందింది. వాహనాలు మాత్రం కదల్లేదు.

మొదట్లో ఒక గొప్ప చెప్పి ఒట్టు కూడా పెట్టాను. దాన్ని ఇక్కడ హాయిగా వెనక్కి తీసుకుంటున్నాను. తియోదొమీరో ప్రయాణాల్లో ఎండ కనిపించినవాటి కంటే కనిపించనివే ఎక్కువ. ఒకసారి చేరేసరికి చీకటి పడింది. ఒకసారి అక్కడా మబ్బే. ఇంకోసారి రొసెందో దారి తప్పి సముద్రం దగ్గర తేల్చాడు. అయినా ప్రతిసారీ జనం వెంట వెళ్లేవాళ్లు. తిట్టుకుంటూ తినే కోడికూర రుచే వేరు మరి.

కానీ ఈసారి ఓడిపోతే నవ్వుకునే ఓటమి కాదు. సాంతా ఎవులాలియా ఇరుకు లోయ. మధ్యాహ్నం వాలితే సూర్యుడు కొండ వెనక్కి పోతాడు. మబ్బు కిందే మధ్యాహ్నమైపోయింది. గుంట తవ్వాలి, రాళ్లు కాల్చాలి, వండాలి. తియోదొమీరో మనసులో లెక్క వేసుకుని, వేసింది చెరిపేసి, మళ్లీ వేశాడు. ఎటు వేసినా నేలిదా నీడకి చోటు మిగల్లేదు.

నేలిదా ఒళ్లో మసాలా పట్టించిన మాంసం గిన్నె. రాత్రి తనే కూర్చుని, కొండ మూలికలు నూరి, మధ్యమధ్య ఆగి ఊపిరి తీసుకుంటూ కలిపింది. ఇప్పుడు రోడ్డు మీది పొగకి రెండుసార్లు దగ్గింది. తర్వాత చాలా మెల్లిగా అంది:

"పోనీలే, ఇంటికి వెళ్లి పొయ్యి మీదే వండుకుందాం. ఎండకేం, వచ్చే ఏడు చూద్దాం."

వచ్చే ఏడు అనే మాట ఆవిడ నోట విన్నాక వ్యానులో ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. తియోదొమీరో ఆ మాట మింగలేకపోయాడు. టోపీ తీసి గుండెల మీద పెట్టుకుని వెనక్కి తిరిగాడు.

"దొన్యా సెనోబియా, నేను ఓడిపోయాను. తెలివితక్కువవాణ్ణి. మీ ఒతీలియా ఇల్లు ఎటువైపు?"

"అదుగో, ఆ మలుపు!" అంది సెనోబియా, ఇన్నాళ్లూ ఆ మాట కోసమే కూర్చున్నట్టు. "రొసెందో, తిప్పు నాయనా, ఇంకా చూస్తావేం!"

వ్యాను ఎక్కగలిగినంత ఎక్కింది. అక్కణ్ణించి మూడు చక్రాల ఆటోలు. ఆటో కూడా చేతులెత్తేసిన చోట పసుపు రంగు వేసిన మెట్లు. రొసెందో, తియోదొమీరో చేతులు కలిపి కుర్చీ చేసి నేలిదాని కూర్చోబెట్టుకున్నారు.

"పెళ్లినాడు కూడా నన్నిలా మొయ్యలేదు ఈయన," అంది ఆవిడ.

"అప్పుడు నువ్వు బరువుండేదానివి," అన్నాడు రొప్పుతూ.

చుట్టూ మంచు. ముందున్నవాడి వీపు తప్ప ఏమీ కనబడదు. మెట్టు మెట్టుకీ ఆ మంచు పలచబడింది. తెల్లగా వెలిగింది. ఒక ఇంటి మలుపు తిరిగారో లేదో, ఎవరో దుప్పటి లాగేసినట్టు ఆకాశం నీలంగా బయటపడింది. కింద లీమా లేదు. ఉన్నదంతా ఏకిన దూదిలాంటి మబ్బు, ఆ అంచు నుంచి ఈ అంచు దాకా. రేకుల కప్పులన్నీ తళతళా మెరుస్తున్నాయి. తాళ్ల మీద బట్టలు ఎండి అప్పడాల్లా బిగుసుకున్నాయి.

"దింపండి," అంది నేలిదా. "నన్ను కిందికి దింపండి."

దింపారు. తన కాళ్ల మీద తను నిలబడింది. పాదాల దగ్గర్నించి మట్టి మీద పొడుగ్గా, నల్లగా, అంచులు కత్తిరించినట్టుగా నీడ. ఆవిడ చెయ్యెత్తింది, నీడా ఎత్తింది. జడ సర్దుకుంది, అదీ సర్దుకుంది.

"చిక్కిపోయింది పాపం," అంది నేలిదా. "దానికి కూడా తిండి పెట్టాలి."

ఎవరో నవ్వారు, ఎవరో ముక్కు చీదారు. రెండూ సెనోబియాయేనని కొందరంటారు.

ఒతీలియా చెప్పాపెట్టకుండా వచ్చిపడ్డ మందని చూసి కంగారు పడలేదు. "రండి రండి, కాళ్లూ చేతులూ కడుక్కోండి!" అని నీళ్ల పీపా మూత తీసింది. కింది నుంచి ట్యాంకరు వస్తే మెట్ల వెంట మోసుకున్న నీళ్లవి. చెంబు నిండా ముంచి, మొదట నేలిదా చేతుల మీద పోసింది. ఆ నీళ్ల విలువ తెలిసిన నేలిదా ఒక్క బొట్టు కింద పడనివ్వకుండా వాటితోనే మొహం కూడా కడుక్కుంది.

పెరట్లో గుంట తవ్వారు. ఒతీలియా మొగుడు కొండరాళ్లు తేబోతే తియోదొమీరో చెయ్యి అడ్డం పెట్టాడు. "నా రాళ్లున్నాయి." మెట్లన్నీ వాటిని మోసిన తాపీమేస్త్రీకి ఆ మాటతో కొంచెం ఊపిరి వచ్చింది. ఒక్క రాయి పేలలేదు. ఎర్రగా కాలిన రాళ్ల మధ్య బంగాళాదుంపలు, వాటిపైన మాంసం, చిలగడదుంపలు, మొక్కజొన్న పొత్తుల ఆకుల్లో చుట్టిన పిండి ముద్దలు, పచ్చి చిక్కుళ్లు. పైన ఆకులు, తడి గోతాలు, మట్టి. ఆవిరి ఎక్కడ తప్పించుకోబోతే అక్కడ ఒక గుప్పెడు మట్టి కొట్టారు.

ఆ మట్టి దిబ్బ మీద పుల్లలతో చేసిన సిలువ గుచ్చడానికి ఒక పెద్దమనిషి కావాలి. ఆ గౌరవం ఎప్పుడూ తియోదొమీరోదే. అతను చొక్కా సర్దుకుంటూ ముందుకొచ్చేలోగా నేలిదా సిలువ తీసి ఒతీలియా చేతిలో పెట్టింది.

"అయ్యో, నేనెందుకమ్మా?" అంది ఒతీలియా.

"ఎండ నీది, నీళ్లు నీవి, నేల నీది. ఇంకెవరు గుచ్చుతారు తల్లీ?"

దిబ్బ విప్పాక నేలిదా ఎవర్నీ సాయం రానివ్వలేదు. ఒక్కొక్కరి పళ్లెంలో తనే పెట్టింది. సెనోబియాకి పెడుతూ, "చేదు కషాయానికి ఇది జవాబు," అంది. అక్కచెల్లెళ్ల దగ్గర మాట రాక వాళ్ల చేతులు పట్టుకుని, ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చని ముద్దు పెట్టుకుంది. తాపీమేస్త్రీకి ఒక ముక్క ఎక్కువ వేసి, "నవ్వించినందుకు ఒకటి, రాళ్లకి ఒకటి," అంది. అందరికీ అయ్యాక తన పళ్లెంతో ఎండలో కూర్చుని తింది. సూర్యుడు మబ్బుల సముద్రంలో మెల్లిగా మునిగేదాకా ఎవరూ లేవలేదు. లోయలోకి పోయుంటే అతను ఎప్పుడో కొండ వెనక్కి పోయేవాడు.

ఇదంతా విని రోడ్డు మీద ఉంగరాలు మార్చుకున్న సంగతి కల్పించానని మీరనుకుంటారు. అది నిజం, మిఠాయి నేనే తిన్నాను. నేను కల్పించింది ఒక్కటే. వ్యానులో తియోదొమీరో టోపీ తీసి ఓడిపోయానన్నాడే, అది. అలాంటి మాట ఆ నోట ఇంతవరకూ రాలేదు. ఆ రోజు అతను రొసెందో భుజం తట్టి, "కుడివైపు తిప్పు," అన్నాడు, అంతే. ఆ కొండ మొదటి నుంచీ తన పథకమేనని ఇప్పటికీ అందరికీ చెబుతున్నాడు. రాళ్ల గోతం మీద కూర్చున్నవాణ్ణి నేనే గనక నాకు తెలుసు.

టోపీ తీసిన మాట మాత్రం అబద్ధం కాదు. తీసింది వ్యానులో కాదు, కొండ మీద. నేలిదా తన నీడ చూసుకుంటున్నప్పుడు, తన టోపీ నీడ దాని మీద పడకుండా.