ఆమ్లానికి లొంగని బిళ్ళ

షెఫీల్డ్ విశ్వవిద్యాలయంలో లోహశాస్త్ర శాఖ అన్న బోర్డు పీకేసి, పదార్థ విజ్ఞాన శాఖ అని కొత్తది తగిలించిన నాటి నుంచి క్లిఫర్డ్ స్టానిఫోర్త్ ముఖం మాడ్చుకునే తిరుగుతున్నాడు. ఆయన ఉక్కు పాఠాలు చెబుతాడు. వాటిని ఎత్తేసి ఆ గంటలు పింగాణీకి ఇవ్వాలా అన్నది శుక్రవారం సమావేశంలో తేలుతుంది. పింగాణీ చెప్పే హెస్టర్ మార్పుల్స్‌ను చాటుగా 'కప్పూసాసర్ల పిల్ల' అంటాడు. అంత చదువుకున్నవాడికి అదేం బుద్ధో!

గురువారం ఆ పిల్లే ఓ తెల్లటి బిళ్ళ పట్టుకుని ఆయన గదికి వచ్చింది.

"ఇది పగలడం లేదండీ. పగులు ఇలా మొదలై అలా ఆగిపోతోంది. ఎందుకో అంతుపట్టడం లేదు. మీరు నునుపు చేసి చూస్తారేమోనని..."

క్లిఫర్డ్ దాన్ని అద్దంలా సానబట్టాడు. తర్వాత అలవాటు కొద్దీ ఆమ్లంలో ముంచి, టీ తాగుతూ కూర్చున్నాడు. ఉక్కయితే ఈపాటికి లోపలి అల్లిక పైకి తేలేది. బిళ్ళ తెల్లగానే ఉంది.

"అది పింగాణీ, మహానుభావా! యుగాంతం దాకా నానబెట్టినా ఉలకదు" హెస్టర్ పకపకా నవ్వింది.

"మా ఉక్కుకి మర్యాద తెలుసులే. అడిగితే చెబుతుంది."

గొణుక్కుంటూనే వజ్రపు మొనతో బిళ్ళను నొక్కి, మైక్రోస్కోపులో చూశాడు. పగులు పక్కనే నున్నటి పైభాగం పలకలు పలకలుగా ఉబ్బి ఉంది. కాల్చి చటుక్కున చల్లార్చిన ఉక్కులో జీవితమంతా చూసిన ఉబ్బు అది. పగులు రాగానే రేణువులు రూపం మార్చుకుని, ఉబ్బి, దాన్ని నొక్కేస్తున్నాయి.

చెబితే రేపు గెలిచేది ఆమే. తెలియదంటే వెళ్ళిపోతుంది. అసూయతో ఆయన బిళ్ళను మైక్రోస్కోపు కింద నుంచి తీసేయబోయి, మళ్ళీ అక్కడే పెట్టాడు.

"ఇలా రా అమ్మాయ్. ఇది మా ఉక్కు చేసే పనే" అన్నాడు చివరికి.

శుక్రవారం శాఖాధిపతి అడిగాడు. "ఆ గంటలు పింగాణీకే ఇచ్చేద్దామా?"

"ఇవ్వండి" అంది హెస్టర్. క్లిఫర్డ్ తన కాగితాలు సర్దుకోబోయాడు.

"అందులో సగం స్టానిఫోర్త్ గారు తీసుకోవాలి. ముందు ఉక్కు చెప్పకపోతే నా పింగాణీ పాఠం పిల్లలకి అర్థం కాదు. నిన్నటిదాకా నాకే అర్థం కాలేదు."

అందరూ క్లిఫర్డ్ వైపు తిరిగారు. ఏదో మంచిమాట చెప్పాలనుకున్నాడు గానీ ఆయనకది అలవాటు లేని పని.

"మొదటి క్లాసు ఎప్పుడు?" అని మాత్రం అడగగలిగాడు.