ఆచూకీ దొరకనివారు పదకొండు మంది

ఆ పదకొండు మందినీ “ఆచూకీ దొరకనివారు” అని అచ్చు వేసింది మీరు. గుండె విభాగాధిపతి గారూ, వైద్య పత్రిక సంపాదకుడు గారూ, మీ ఇద్దరే. వాళ్ళేమయ్యారో ఫోనాయనకు తెలుసు. మీకూ తెలుసు.

పద్నాలుగేళ్ళుగా ఆయన పని ఒకటే. కొత్త గుండెమందు పరిశోధనలో చేరిన రోగులకు ఆర్నెల్లకోసారి ఫోన్ చేసి, బతికున్నారో లేదో కనుక్కుని రిజిస్టర్‌లో రాయడం. ఉంటే నీలి సిరా, పోతే ఎర్ర సిరా, పక్కన తేదీ. మెట్ల కింద కిటికీ లేని గది. రిసీవర్ ఆనించి ఆనించి ఎడమ చెవి కాయ కాసింది. తనకూ గుండెపోటు వచ్చినప్పుడు అదే పరిశోధనలో చేర్చుకున్నారు. నూట నలభయ్యో నంబరు. “నాకు నేను ఫోన్ చేసుకుంటే ఎప్పుడూ ఎంగేజే” అని నవ్వుతూ తన గడిలో నీలి సిరా పెట్టుకునేవాడు.

ఆ ఉదయం ఆయన నంబరు తిప్పకముందే ఫోన్ మోగింది.

“బాబాయ్, మా నాన్న కార్డు నంబరు తొంభై మూడు. మా మరిది డాక్టరు, వైద్య పత్రికలో మీ ఆసుపత్రి వ్యాసం చూపించాడు. తొంభై మూడుకి ఎదురుగా ఆచూకీ లేదని ఉంది. మేం ఇల్లు మారామా? పోయారని మీకు చెప్పింది నేను కాదూ?”

“నువ్వేనమ్మా. రాశాను కూడా.”

“మరి ఎవరు మింగేశారు?”

రిజిస్టర్ చంకలో పెట్టుకుని మూడంతస్తులూ ఆగి ఆగి ఎక్కాడు.

“ఆ పదకొండు చావులూ కలిపితే మందు పనిచేయనట్టే కదయ్యా,” అన్నాడు విభాగాధిపతి, తల ఎత్తకుండా. “పత్రికవాళ్ళకి లేని నొప్పి నీకెందుకు?”

“వాళ్ళకి ఇప్పటికే మూడు ఉత్తరాలు రాశాను సార్. వ్యాసంలో పేరున్నవాళ్ళే సవరణ అడగాలన్నారు. ఫోన్ చేసింది నేనే కదండీ, నా పేరేది?”

“నీ పని అడగడం. రాయడం మాది. వెళ్ళు.”

కిందకు దిగాడు. టిఫిన్ డబ్బా మూత తీయలేదు. నాలుగో ఉత్తరానికి కాగితం తీసి, పదకొండు పేర్లూ తేదీలతో సహా ఎర్ర సిరాతో ఎక్కించడం మొదలుపెట్టాడు. ఎనిమిదో పేరు దగ్గర చెయ్యి ఆగింది. మధ్యాహ్నం గది ఊడ్వడానికి వచ్చిన ఆయా, “పగటి నిద్రా సామీ, పెద్దసారు చూస్తే అయిపోతారు” అంటూ భుజం తట్టింది. ఫోనాయన లేవలేదు.

మీరు పూలదండ పంపారు. ఎవడడిగాడు మీ దండ? వచ్చే సంచికలో మొదటి పేజీలోనే సవరణ వేయండి. అది వచ్చేదాకా ఏ వార్డులోనూ ఆ మందు రాయకండి. మెట్ల కింద గది తాళం తీయండి. రిజిస్టర్ బల్ల మీదే ఉంది. నూట నలభైకి ఎదురుగా గడి ఖాళీ. రాయండి. పక్కనే ఉంది, మూత పెట్టని ఎర్ర పెన్ను.